గురువారం గంట

గంట నొక్కి
లోపల వినపడిందా అని చెవి రిక్కించడం నా అలవాటు.
ఆమెకు వినపడదని తెలుసు.
నేను నొక్కేది కుక్కకి.

బర్న్లీలో, కాలవ పక్క నల్లబడిన రాతి ఇళ్ళ వరసలో
చివరి నుంచి రెండో తలుపు.
ప్రతి గురువారం మందుల సంచీ నాది,
సంతకం డోరీన్ హోల్గేట్ గారిది,
మధ్యలో దూరం నడిచేది మస్టర్డ్.
ముదురెరుపు కోటు, కోటు దాటి పొంగే పసుపు బొచ్చు.
మనసులో నేను దాన్ని ఆవపిండీ అనే పిలుస్తాను.

అది మొరగదు.
మొరిగితే ఎవరికి లాభం?
వెళ్ళి ఆమె మోకాలి మీద ముందరి కాలు ఆనిస్తుంది.
"ఏమిటి?" అని ఆమె రెండు అరచేతులూ పైకి తిప్పితే
చప్పుడున్న చోటికి తీసుకుపోతుంది,
తలుపు దగ్గరికో, కెటిల్ దగ్గరికో,
పొద్దున్న ఏడింటి అలారం దగ్గరికో.
పొగ గంట మోగితే మాత్రం ఎక్కడికీ తీసుకుపోదు.
కాలు ఆనించి, అక్కడే నేలకి కరుచుకుని పడుకుంటుంది.
ఇంట్లో ఉండకు, బయటికి పద, అని దానర్థం.
ఒకసారి అలా పడుకుంది.
మాడింది రొట్టెముక్క.
ఆ కథ ఆమె ఇప్పటికీ
ఇల్లు తగలబడినంత గొప్పగా చెబుతుంది.

చెప్పడమంటే, పెదాలతో.
పదిహేనో ఏట మగ్గాల షెడ్డులో చేరిందట.
మూడు వందల మగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే
మాట గొంతులో పుట్టేది కాదు,
పెదాల మీద నేసుకోవాల్సిందే.
ఈ వరసలో ఎవరికో పెళ్ళి కుదిరితే
ఆ చివరి వరసకి
ఊపిరి చప్పుడైనా లేకుండా చేరేది.
"చెవులా? జీతంలో పట్టుకున్నారు"
అని నవ్వుతుంది.

ఆ నవ్వుకి మా వైపు సామెత గుర్తొచ్చి సిగ్గేసింది.
చెవిటివాడి ముందు శంఖం ఊదితే
ఏం కొరుకుతున్నావన్నాడట.
చిన్నప్పుడు పడీపడీ నవ్వాను.
ఊదినవాడు ఉన్నాడు, నవ్వినవాళ్ళం ఉన్నాం,
లేచి వెళ్ళి మోకాలి మీద చెయ్యి వేసినవాడు
ఆ సామెతలో ఒక్కడూ లేడు.

ఈ జనవరిలో
గంట నొక్కి నిలబడ్డాను.
మళ్ళీ నొక్కాను.
సంచీ మీద వాన టపటపమంటోంది.
కిటికీలోంచి చూస్తే
ఆమె ఊలు అల్లుకుంటోంది.
కాళ్ళ దగ్గర అది, మేలుకునే ఉంది,
గడ్డం చెప్పు మీద పెట్టుకుని ఎటో చూస్తోంది.
మూడోసారి నొక్కాను, కిటికీ మీంచి కళ్ళు తియ్యకుండా.
చెవి కదల్లేదు.
పదకొండేళ్ళు దానికి.

ఆమె తలెత్తింది. నన్ను చూసింది.
చెయ్యి ఊపబోయి ఆగిపోయాను,
ఆమె లేవలేదు మరి.
సూదులు పక్కన పెట్టి,
నడుం పట్టుకుని వంగి,
దాని వీపు మీద అరచెయ్యి ఆనించింది.
అది ఉలిక్కిపడి ఆమె ముఖంలోకి చూసింది.
అప్పుడామె
"ఏమిటి?" అన్నట్టు
రెండు అరచేతులూ పైకి తిప్పింది.

అంతే.
కునుకు తీస్తూ పట్టుబడ్డ గుమాస్తాలా
గబుక్కున లేచింది, తోక నిలబెట్టింది,
ముందు అది, వెనక ఆమె,
తలుపు దాకా వచ్చారు.

బిస్కట్ ముక్క దానికిచ్చి,
సంతకం పెడుతూ,
కుక్కకి కనపడకుండా తల పక్కకి తిప్పి, పెదాలతో అంది:
"వాళ్ళకి ఉత్తరం రాశాను.
ఏప్రిల్‌కి ఇంకోటి వస్తుంది.
ఇది నాతోనే, పింఛను మీద.
అందాకా దీనికి తెలియనివ్వకు."

ఇప్పుడు గురువారాలు
ముందు కిటికీ దగ్గర నిలబడి కనపడతాను.
ఆమె వంగడం చూసి,
తలుపు దగ్గరికొచ్చి,
గంట కూడా నొక్కుతాను.
లోపల ఎవరికీ వినపడదు.
అయినా
మర్యాద మర్యాదే కదా.